వైజాగ్‌లో మూడు రోజులు: పిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడతో

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. డిసెంబరులో హైదరాబాద్ నుంచి శనివారం పొద్దున్న దిగి సోమవారం రాత్రి రైలెక్కుతారు. మీ దంపతులు, ఆరేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారు. బీచ్ ఎలాగూ చూస్తాం, దాంతోపాటు ఊరి చరిత్ర కూడా పిల్లలకు కాస్త తెలియాలి, అలాగని ఎవరూ అలిసిపోయి విసుక్కోకూడదు అన్నారు. మీరు రాసుకున్న లిస్టులో పద్నాలుగు చోట్లున్నాయి. అరకు, బొర్రా గుహలు కూడా అందులోనే.

ముందు ఆ లిస్టులో సగం కొట్టేయండి. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉంటున్నాను. సెలవులొస్తే మా ఇల్లు చుట్టాలకు సత్రం. ఎంతోమందిని వెంటబెట్టుకుని తిప్పాక నాకు తెలిసిందేమిటంటే, వైజాగ్‌లో మనిషిని అలసగొట్టేది దూరం కాదు, ఎండా మెట్లూ. చూడాల్సినవాటిలో చాలా భాగం బీచ్ రోడ్డు అనే ఒక్క గీత మీదే ఉన్నాయి. కాబట్టి ఏది ఎంత దూరం అని చూడకండి. అక్కడ నీడ ఉంటుందా, ఎన్ని మెట్లెక్కాలి, ఏ వేళకు వెళ్ళాలి అని చూసుకోండి.

ఇంకో సంగతి, ఇది మీకు బాగా ముఖ్యం. సబ్‌మెరైన్ మ్యూజియంకి, జూకి సోమవారం సెలవు. ఒకసారి మా బావమరిది కుటుంబాన్ని ఎంతో ఉత్సాహంగా జూ గేటు దాకా తీసుకెళ్ళి, అది సోమవారమని అక్కడ చూసుకున్నాను. వాళ్ళ చిన్నవాడు గేటు ఊచలు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కథగా చెప్పుకుంటారు. అందుకని మీ శని, ఆదివారాలు వీటికి పోవాలి. సోమవారం భీమిలి వైపు వెళ్ళండి.

శనివారం దిగిన వెంటనే ఎక్కడికీ పరిగెత్తకండి. స్నానాలు, టిఫిన్లు కానిచ్చి ఎండ ముదిరే వేళకు బీచ్ రోడ్డులోనే ఉన్న విశాఖ మ్యూజియంకి వెళ్ళండి. పాతకాలపు డచ్చి బంగళాలో 1991లో తెరిచారు. కత్తులు, నాణేలు, జమీందారుల వస్తువులు చాలా ఉన్నాయి గానీ మీ బాబును తిన్నగా బాంబు దగ్గరికి తీసుకెళ్ళండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన ఒక బాంబు గుల్ల ఆ మ్యూజియంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అంటే ఎక్కడో యూరప్‌లో జరిగిందని పిల్లలు అనుకుంటారు. తాము కాసేపటి క్రితం ఇడ్లీ తిన్న ఊరి మీదే బాంబు పడిందని తెలిస్తే ముఖాలు మారిపోతాయి. ఆ రోజుల్లో ఇక్కడి జనం మూటలు సర్దుకుని పల్లెలకు వెళ్ళిపోయారని మా ఇంటి పక్క పెద్దాయన చెప్తుండేవారు.

అక్కణ్ణించి మధ్యాహ్నం మూడు, మూడున్నరకు సబ్‌మెరైన్. వేళలు అప్పుడప్పుడూ మారుస్తుంటారు, ఆ రోజు టైమింగ్స్ ఫోన్‌లో ఒకసారి చూసుకుని బయల్దేరండి. దీని పేరు ఐఎన్ఎస్ కురుసుర. సోవియట్ యూనియన్‌లో కట్టింది. 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైంది. తర్వాత సముద్రంలోంచి ఇసుక మీదికి లాక్కొచ్చి 2002లో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. బయట నుంచి చూస్తే ఒడ్డున పడ్డ నల్ల తిమింగలంలా ఉంటుంది, ఫోటో దిగి వచ్చేద్దాం అనిపిస్తుంది. లోపలికి వెళ్ళకపోతే అసలు చూడనట్టే.

లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళే ద్వారాలు గుండ్రంగా, చిన్నగా ఉంటాయి. వాటికి గడప కూడా ఎత్తే. ముందు ఒక కాలు అవతల పెట్టి, నడుం వంచి, తల కాపాడుకుంటూ దూరాలి. ఆరేళ్ళ పిల్ల సరదాగా దూరిపోతుంది, తల కొట్టుకునేది మీవారే. గోడల నిండా పైపులు, మీటర్లు, చక్రాల్లాంటి వాల్వులు. ముందుభాగంలో టార్పెడోలను, అంటే నీళ్ళలో దూసుకెళ్ళి ఓడలను పేల్చే ఆయుధాలను, వదిలే గొట్టాలు ఉంటాయి. అక్కడ నిలబడి మీ బాబుకు ఒక్క లెక్క చెప్పండి: ఇంత చోటులో సుమారు 75 మంది రోజుల తరబడి ఉండేవాళ్ళు, నావికుల పడకలు కొన్ని టార్పెడోల పక్కనే. మా అబ్బాయి చిన్నప్పుడు ఇది విని, 'మరి స్నానం?' అని అడిగాడు. అక్కడ గైడ్లుగా ఉండేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. మావాడు అడిగిన గైడు నవ్వి, నీళ్ళు ఎంత పొదుపుగా వాడేవాళ్ళో పది నిమిషాలు చెప్పారు. కాబట్టి పిల్లల్ని సిగ్గుపడకుండా అడగమనండి. వెనక నుంచి జనం తోస్తున్నా పక్కకు జరిగి అడగమనండి.

మీ అత్తగారిని మాత్రం లోపలికి తీసుకెళ్ళవద్దు. ఎక్కే మెట్లు ఎలాగో ఎక్కినా ఆ గుండ్రటి ద్వారాల దగ్గర మోకాలు వంచలేక మధ్యలో ఇరుక్కుంటారు, ముందుకూ వెళ్ళలేరు, వెనక్కీ రాలేరు. ఆవిడతో ఒకరు బయట బెంచీ మీద కూర్చోండి. గాలి బాగుంటుంది.

రోడ్డుకు అవతలి వైపు టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద గస్తీ తిరుగుతూ శత్రు సబ్‌మెరైన్లను వెతకడం దాని పని. 29 ఏళ్ళు పనిచేసి 2017లో రిటైరైంది. తర్వాత ముక్కలుగా విప్పి తీసుకొచ్చి, ఇక్కడ మళ్ళీ బిగించారు. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 50 మీటర్లు. ఇక్కడ మీ అత్తగారు కూడా కింద నుంచి చూడొచ్చు. రెండూ ఒకే రోజు చూపించమనడానికి కారణం ఉంది. ఒకటి నీళ్ళ కింద దాక్కునేది, ఇంకొకటి ఆకాశంలోంచి దాన్ని వెతికేది. ఈ దాగుడుమూతల సంగతి చెప్తే పిల్లలకు రెండూ ఒకే కథగా గుర్తుంటాయి. అదే రోడ్డు మీద కాస్త నడిస్తే 'విక్టరీ ఎట్ సీ' యుద్ధ స్మారకం వస్తుంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. కురుసుర లోపల తిరిగొచ్చాక ఈ మాట చెప్తే, ఆ ఇనుప గొట్టంలో మనుషులున్నారన్న సంగతి పిల్లలకు మీరు విడిగా చెప్పనక్కర్లేదు.

ఇక బీచ్. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆర్కే బీచ్ కూర్చోడానికి, నడవడానికి, మూరి మిక్చర్ తినడానికి. స్నానాలకు కాదు. రామకృష్ణా మిషన్ ఆశ్రమం పక్కన ఉంది కాబట్టి ఆ పేరు వచ్చింది, పేరు చూసి శాంతంగా ఉంటుందనుకోవద్దు. ఒడ్డు దగ్గరే లోతు పెరుగుతుంది. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుకను తోడేస్తుంది. మోకాలి లోతులో నిలబడి సెల్ఫీ తీసుకుంటున్న మనిషి పడిపోయి, లేచేలోపు రెండో అల వచ్చి నడుం లోతుకు లాగేస్తుంది. ఈత వచ్చిన కుర్రాళ్ళే ఏటా పోతున్నారు. అక్కడ హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు. పిల్లలు పాదాలు తడుపుకుంటామంటే మీరు చెయ్యి పట్టుకుని, వీపు సముద్రానికి పెట్టకుండా నిలబడండి. ఫోన్ జేబులో పెట్టేయండి. నేను చెప్పేది అంతే.

నీళ్ళలో ఆడాల్సిందే అని పట్టుబడితే రుషికొండకు తీసుకెళ్ళండి. శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో దానికి వచ్చింది. దుస్తులు మార్చుకునే గదులు, స్నానానికి గుర్తు పెట్టిన చోటు, లైఫ్‌గార్డులు ఉంటారు. అక్కడ కూడా గుర్తు దాటి పోకూడదు, చీకటి పడ్డాక దిగకూడదు.

ఆదివారం నాడు అందరూ అన్నీ కలిసే చూడాలన్న పట్టుదల వదిలేయండి. పొద్దున్నే మీలో ఒకరు అత్తగారిని సింహాచలం తీసుకెళ్ళండి, ఒకరు పిల్లలతో జూకి వెళ్ళండి. సింహాచలానికి వెయ్యికి పైగా మెట్లున్న మాట నిజమేగానీ కొండ మీదికి రోడ్డు ఉంది, కారు గానీ బస్సు గానీ పైదాకా వెళ్తుంది. శనివారం రద్దీ ఎక్కువ. ఆదివారం కూడా తెల్లవారుజామునే వెళ్తే నయం. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటారు, నిజరూపం కనిపించేది అక్షయ తృతీయ ఒక్క రోజే. మీ అత్తగారికి ఇది ముందే తెలిసి ఉంటుంది, తెలియకపోతే చెప్పండి, లేకపోతే 'రూపం కనపడలేదు' అని దిగులు పడతారు. శాసనాల మీద ఆసక్తి ఉంటే కులోత్తుంగ చోళుడి కాలం నుంచీ ఈ గుడిలో ఉన్నాయి, శ్రీకృష్ణదేవరాయలు కూడా కళింగ దండయాత్రల సమయంలో ఇక్కడికి వచ్చాడు. ఆ కొండల మీద పనస, అనాస తోటలు. మీరు వచ్చే నెలలో దొరకదు గానీ, ఎప్పుడైనా వేసవిలో వస్తే సింహాచలం అనాసపండు తినకుండా పోవద్దు.

జూ విషయానికొస్తే, ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల 1977లో తెరిచారు, 625 ఎకరాలు. ఒక పక్క హైవే, ఇంకో పక్క సముద్రం, వెనక కంబాలకొండ అడవి. ఆరేళ్ళ పిల్ల దాన్ని నడిచి చుట్టలేదు, మీరూ ఎత్తుకుని చుట్టలేరు. గేటు తెరిచే వేళకు వెళ్ళి బ్యాటరీ బండి ఎక్కేయండి. జంతువులు హుషారుగా ఉండేది కూడా అప్పుడే, పదకొండు దాటితే పులైనా మనలాగే నీడకు పోయి పడుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడా, కంబాలకొండలోనూ చెట్లు నేలమట్టమయ్యాయి. మరుసటి రోజు ఊరి కొండలన్నీ ఎవరో గుండు గీసినట్టు కనిపించాయి. ఇప్పుడు మీకు కనిపించే పచ్చదనంలో చాలా భాగం ఆ తర్వాత లేచిందే.

మధ్యాహ్నం తప్పకుండా పడుకోండి. ఇది సలహా కాదు, షరతు అనుకోండి. సముద్రపు గాలిలో చెమట పడుతున్నట్టు తెలియదు, సాయంత్రానికి పిల్లలు కారణం లేకుండా ఏడుస్తారు.

నాలుగు గంటలకు కైలాసగిరి. కొండ మీదికి కారు వెళ్తుంది, రోప్‌వే కూడా ఉంది. ఆదివారం సాయంత్రం రోప్‌వే దగ్గర లైను పెద్దది. అందుకని అత్తగారు, మీలో ఒకరు కారులో వెళ్ళండి, మిగతావాళ్ళు సరదా తీర్చుకోండి. పైన శివపార్వతుల పెద్ద విగ్రహాలు, కొండను చుట్టే చిన్న రైలు. ఆ రైల్లో కూర్చుంటే మీ అత్తగారు ఒక్క అడుగు నడవకుండా ఊరంతా చూసేస్తారు. సముద్రం వైపు కూర్చోబెట్టండి. తీరం ఇటు ఊరి వైపు, అటు భీమిలి వైపు ఎలా వంపు తిరిగిందో అక్కడి నుంచి తెలుస్తుంది. నగరం చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ డాల్ఫిన్స్ నోస్. దాని చాటున ఉండబట్టే లోపల హార్బరుకు కాపుదల దొరికింది. పోర్టులోకి మొదటి ఓడ వచ్చింది 1933లో, దాని పేరు జలదుర్గ.

మత్స్యదర్శిని అక్వేరియం, వీఎంఆర్‌డీఏ పార్కు, తెన్నేటి పార్కు ఇవన్నీ మీ లిస్టులో ఉన్నాయి. టైం మిగిలితే చూడండి, మిగలకపోతే బాధపడాల్సిన పని లేదు.

సోమవారం కోసం నేనైతే ఎదురుచూస్తాను. భీమిలి రోడ్డు ఈ ఊరికి వచ్చినవాళ్ళకు మేము దాచిపెట్టుకుని చూపించే వస్తువు లాంటిది. ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. పొద్దున్న ఆరున్నరకే బయల్దేరి దారిలో ఎక్కడా ఆగకుండా ముందు భీమిలి చివరికి పోండి. చూడాల్సినవన్నీ తిరుగు ప్రయాణంలో చూడండి. ఎందుకంటే మనం ఎడమ పక్క నడుపుతాం కదా, భీమిలి నుంచి వైజాగ్ వచ్చేటప్పుడు సముద్రం కూడా ఎడమ పక్కే ఉంటుంది. పిల్లల్ని ఎడమ కిటికీల దగ్గర కూర్చోబెడితే మధ్యలో ఎదురొచ్చే లారీలు అడ్డం రావు.

భీమిలిలో పొద్దున్న పూట జాలర్లు ఒడ్డు నుంచి అలివి వల లాగుతుంటారు. రెండు వరసల్లో మనుషులు తాడు పట్టుకుని, ఒకే పాటకు ఒకే అడుగు వేస్తూ వెనక్కి నడుస్తారు. వల ఒడ్డుకు చేరడానికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టమనండి. చేపలు తళతళలాడుతూ ఇసుక మీద పడే ఆ నిమిషం పిల్లలకు ఏ అక్వేరియంలోనూ దొరకదు. పని మధ్యలో కాళ్ళకు అడ్డం పడకుండా చూసుకోండి.

పక్కనే గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. ఈ నది అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా వస్తుంది. మీ లిస్టులోంచి బొర్రా కొట్టేయమన్నాను కదా, పిల్లలకు కనీసం ఈ మాట చెప్పండి. తర్వాత డచ్చివాళ్ళ సమాధులు. పదిహేడో శతాబ్దంలో వాళ్ళు ఇక్కడ వ్యాపారం పెట్టుకున్నారు, కోట కట్టుకున్నారు, ఇక్కడే చచ్చిపోయారు. రాళ్ళ మీద చెక్కిన పేర్లు, తేదీలు కొన్ని ఇప్పటికీ చదవొచ్చు. మా అమ్మాయి అక్కడ ఒక రాయి మీది అక్షరాల్లోకి వేలు పోనిచ్చి చదవబోయి, అది ఇంగ్లీషు కాదని కనిపెట్టి గంతులేసింది. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయింది, దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఒకటి. ఇప్పుడు చూస్తే పెద్ద పల్లెలా నిద్రపోతుంటుంది, అదే దాని అందం.

తిరుగు దారిలో ముందు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళపాటు సముద్రం ముందుకూ వెనక్కూ జరుగుతూ, గాలి ఇసుకను ఎగరేసి పోస్తూ, వాన దాన్ని కోస్తూ చేసిన పని ఇది. ఇలాంటివి మన చుట్టుపక్కల తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. వాన కోసిన సన్నటి దారుల్లో పిల్లలు పరిగెత్తుతుంటే గోడలు తలకు మించి లేస్తాయి. అంచులెక్కనివ్వకండి, మట్టి గట్టిగా కనిపించినా విరిగి జారుతుంది. తెల్ల బట్టలు వేయకండి, ఆ ఎర్రరంగు రెండు ఉతుకుల్లో పోదు. జాతీయ భూవిజ్ఞాన స్మారకం కాబట్టి సంచిలో మట్టి తెచ్చుకోవద్దు. అత్తగారికి ఇక్కడ ఇసుకలో నడక కష్టం, కారులోనే ఉండనివ్వండి.

ఆ తర్వాత తొట్లకొండ. ఈ ఒక్కటీ మానేయవద్దు. కారు పైదాకా పోతుంది. 1976లో నేవీవాళ్ళు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఈ బౌద్ధ స్థలం బయటపడింది. 1988 నుంచి 1992 దాకా తవ్వారు. స్తూపం పునాది, భిక్షువులు ఉన్న చిన్న చిన్న గదుల వరసలు, చైత్యాలనే గుండ్రటి ప్రార్థనా మందిరాలు. అన్నీ నడుం ఎత్తు గోడలే మిగిలాయి. మొదటి చూపుకు 'ఇంతేనా' అనిపిస్తుంది. అందుకని పిల్లల్ని ఒక గదిలో నిలబెట్టి, ఈ గది నీది, ఈ గుమ్మం లోంచి రోజూ కనిపించేది ఆ సముద్రం, అని చెప్పండి. తర్వాత తొట్లు చూపించండి. కొండరాతిలోనే తొలిచి, వాన నీళ్ళు పట్టుకునేలా చేసుకున్నారు. ఊరివాళ్ళు పెట్టిన పేరు కూడా వాటి మీదే. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంత మారుమూల కొండ మీద రోము డబ్బు ఎందుకుందో మీ బాబునే ఊహించమనండి. సముద్రం వైపు చూస్తూ ఆలోచిస్తే వాడికే తడుతుంది. నీడ తక్కువ, పదకొండున్నర లోపు దిగిపోండి. మంచినీళ్ళు కిందే కొనుక్కుని పోండి.

అరకు ఎందుకు వద్దన్నానంటే, అది వంద కిలోమీటర్లకు పైమాట. ఒక రోజంతా తినేస్తుంది. బొర్రా గుహల్లో మెట్లు బోలెడు, తడి, జారుడు. మీ అత్తగారు పైనే కూర్చోవాల్సి వస్తుంది. డిసెంబరులో కొండ రైలు టికెట్లు ఎప్పుడో అయిపోతాయి. సొరంగాల్లోంచి వెళ్ళే ఆ రైలు ప్రయాణం చాలా బాగుంటుంది, అందుకే దానికి విడిగా రెండు రోజులు పెట్టుకుని రండి.

సోమవారం సాయంత్రం రైలు దాకా ఓపిక మిగిలితే వన్ టౌన్‌లో ఒక అరగంట. పాత ఊరు అదే. హార్బరు పక్కన మూడు కొండలు, ఒకదాని మీద కన్యమేరీ చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. పైకెక్కకపోయినా మూడూ ఒకే చూపులో ఇమిడే చోటు కింద దొరుకుతుంది, ఆటోవాణ్ణి అడిగితే ఆపుతాడు.

హోటల్ సంగతి అడిగారు. స్టేషన్ దగ్గర అయితే రైలుకు సులువే గానీ రెండు పూటలా ట్రాఫిక్‌లో పడతారు. బీచ్ రోడ్డుకు దగ్గరగా, లిఫ్ట్ ఉన్నది చూసుకోండి. గీజరు పనిచేస్తుందో లేదో కూడా ముందే అడగండి, ఇసుక కాళ్ళతో వచ్చే పిల్లలకు రోజుకు రెండు స్నానాలు తప్పవు. డిసెంబరు 31 మీ తేదీల్లో పడితే ఆ రాత్రి బీచ్ రోడ్డు జోలికి పోకండి, గదిలోనే ఉండండి. సముద్రం వైపు గది దొరికితే రాత్రి బాల్కనీలోంచి దూరంగా నీళ్ళ మీద దీపాల వరస కనిపిస్తుంది. అవతల ఇంకో ఊరుందని పాప అడుగుతుంది. అవి పోర్టులోకి రావడానికి తమ వంతు కోసం లంగరేసుకుని ఆగిన ఓడలు. లెక్కపెట్టమనండి, పొద్దున్న లేచాక ఎన్ని తగ్గాయో మళ్ళీ చూసుకుంటుంది.